పక్కింటి వాన మా డాబా మీద, వీధి మురుగు మా బాత్రూంలో

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో హౌసింగ్ బోర్డు కట్టిన పాత కాలనీ. ఎనిమిది ఇళ్ల వరుసలో మాది ఐదోది. 100 గజాల స్థలం, 20 అడుగుల వెడల్పు, రెండు పక్కలా ఉమ్మడి గోడలే. ఆరేళ్ల కిందట కుడిపక్కవాళ్లు పైన రెండంతస్తులు వేశారు. అప్పట్నుంచి వాళ్ల పైకప్పు నీళ్లు ఒక గొట్టంలోంచి మా డాబా మీద పడుతున్నాయి. ఆ వైపు పడగ్గది గోడ చెమ్మెక్కి రంగు పొక్కులు లేస్తోంది. పెద్ద వాన పడితే వెనక బాత్రూం జాలీలోంచి మురుగు పైకి తన్నుకొస్తోంది. పోయినేడు కొత్తగా సిమెంటు రోడ్డు వేశాక గేటు కింద నుంచీ నీళ్లు వస్తున్నాయి. మేస్త్రీని పిలిస్తే డాబా మొత్తం వాటర్‌ప్రూఫింగ్ చేస్తే అన్నీ పోతాయని 60 వేలు చెప్పాడు. మావారేమో పక్కింటివాళ్ల మీద కేసు వేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ముందు ఆ మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే పని మాత్రం మొదలుపెట్టనివ్వకండి. మీరు రాసినవి మూడు వేర్వేరు జబ్బులు. గోడ చెమ్మ ఒకటి, బాత్రూం పొంగు ఒకటి, గేటు నీళ్లు ఒకటి. డాబా మీద ఎంత ఖరీదైన రసాయనం పూసినా బాత్రూం జాలీలోంచి వచ్చే మురుగు ఆగదు. ఆ మాట మేస్త్రీకి కూడా తెలుసు. ఆయన దగ్గరున్న మందు అదొక్కటే కాబట్టి అన్నిటికీ అదే రాశాడు.

మూడింట్లో తొందరగా చూడాల్సింది బాత్రూం. అక్కడినుంచే మొదలుపెడతాను, ఎక్కువగా రాసేదీ దాని గురించే.

మీ డాబా వెనకవైపు దిగే వాన గొట్టం ఎక్కడికి పోతోందో ఎప్పుడైనా చూశారా? పాత వరుస ఇళ్లలో చాలావాటికి అది పెరట్లో ఉన్న మురుగు చాంబరులోనే కలిసి ఉంటుంది. చూసి తెలుసుకోవడానికి పది నిమిషాల పని. వాన లేని రోజు ఒక బకెట్టు నీళ్లలో బట్టలకు వాడే నీలిమందు కాస్త గట్టిగా కలిపి డాబా మీదికి తీసుకెళ్లండి. కింద మీవారిని చాంబరు మూత తీసి పక్కన నిలబడమనండి. నీలం నీళ్లు గొట్టంలో పోయండి, వెనకాలే మరో రెండు బకెట్లు మామూలు నీళ్లు పోయండి. చాంబరులో నీలం కనబడిందా, అనుమానం తీరినట్టే. ఒక్క జాగ్రత్త: చూడటం పైనుంచే. చాంబరులోకి ఎవరూ దిగకూడదు, కూలి మనిషిని దించకూడదు. అందులో విషవాయువు నిలిచి ఉంటుంది. పైగా రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగులోకి దించి శుభ్రం చేయించడం 2013 చట్టం కింద నేరం. పూడిక ఉంటే జలమండలి 155313 నంబరుకు ఫోన్ చేస్తే మిషను పంపుతారు.

ఇప్పుడు చిన్న లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మీ డాబా 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అనుకుంటే 800 చదరపు అడుగులు, అంటే 74 చదరపు మీటర్లు. గంటలో 50 మి.మీ. వాన మన ఊళ్లో వింతేమీ కాదు. ఆ గంటలో మీ ఒక్క డాబా నుంచి దిగేది 3,700 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది నీటి సరఫరా ఇంజనీర్లు వాడే లెక్క. ఆ ప్రకారం ఐదుగురున్న ఇంట్లో ఐదు రోజులకు పైగా వాడే నీళ్లు ఒక్క గంటలో ఆ చాంబరులో పడుతున్నాయి. ఎనిమిది ఇళ్లదీ ఇదే కథ అయితే ఆరు ట్యాంకర్ల నీళ్లు. మీ పెరడు వెంబడి పోయే పాత మురుగు లైను స్నానాల నీళ్లకూ వంటింటి నీళ్లకూ వేసింది. ఆరు ట్యాంకర్లు గంటలో మింగలేక అది పొంగుతుంది.

మరి ఎనిమిది ఇళ్లలో మీ బాత్రూంలోనే ఎందుకు? నీరు పల్లమెరుగు. ఒకసారి వరుసలో అందరి గడపలూ చూసి రండి. తిరగకట్టుకున్న వాళ్లంతా నేల ఒకటి రెండు అడుగులు లేపుకుని ఉంటారు. మీది మామూలు మట్టంలోనే ఉండి ఉంటుంది. లైను నిండినప్పుడు నీళ్లు అన్నిటికన్నా కింద ఉన్న రంధ్రంలోంచి బయటికొస్తాయి. ఆ రంధ్రం మీ బాత్రూం జాలీ.

ఇంకొకటి అడుగుతాను, కోప్పడకండి. మీ పెరటి చాంబరు మూత చుట్టూ సిమెంటు పూసేశారా? బొద్దింకలు వస్తున్నాయనో వాసనొస్తోందనో చాలామంది ఆ పని చేస్తారు. పెరటి మట్టం బాత్రూం నేల కన్నా అరడుగు కింద ఉంటుంది. మూత వదులుగా ఉంటే పొంగిన నీళ్లు ముందు పెరట్లోకి వస్తాయి, ఇంట్లోకి రావు. మూత బిగించేస్తే వాటికి మిగిలిన దారి బాత్రూమే. ఈ వారమే ఆ సిమెంటు చెక్కించి ఇనుప జాలీ మూత వేయించండి. పిల్లలుంటే జాలీ కదలకుండా చూడండి. పెరడు కంపు కొడుతుంది, నిజమే. మంచం కింద మురుగు తేలడం కన్నా అది నయం. వాన కమ్ముకొచ్చినప్పుడు బాత్రూం జాలీ మీద మందపాటి ప్లాస్టిక్ కవరులో ఇసుక నింపి పెట్టండి. ఇది మందు కాదు, కట్టు.

ఇక ప్లంబరు వచ్చి చాంబరులో నాన్ రిటర్న్ వాల్వ్ పెడదామంటాడు. మురుగు బయటికి పోతుంది కానీ వెనక్కి రాదు, మంచి సాధనమే. కానీ బయట లైను నిండినప్పుడు ఆ రెక్క మూసుకుంటుంది. అప్పుడు మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోలేవు. మీ వాన గొట్టం ఇంకా ఆ చాంబరులోనే కలిసి ఉంటే, ఇంతకుముందు వీధి మురుగు పైకొచ్చేది, ఇప్పుడు మీ డాబా నీళ్లే మీ బాత్రూంలో తేలతాయి. వాల్వు పెట్టించాక ఇంకా ఎక్కువ మునిగాం అని నాకు ఉత్తరాలు వస్తుంటాయి. వాటిలో చాలావాటికి కారణం ఇదే. కాబట్టి ముందు వాన గొట్టాన్ని మురుగు నుంచి విడదీయాలి, ఆ తర్వాతే వాల్వు.

విడదీసి ఎక్కడికి పంపాలన్నది అసలు ప్రశ్న. విడి ఇల్లయితే పక్క సందులోంచి ముందుకు తెచ్చేయవచ్చు. వరుస ఇంటికి పక్క సందు ఉండదు. వెనక పడ్డ నీళ్లు ముందుకు రావాలంటే ఇంటి లోపలినుంచే రావాలి. డాబా వాటం, అంటే నీళ్లు పారే వాలు, మొత్తం ముందుకు తిప్పేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. 40 అడుగుల పొడవుకు నూటికి ఒకటి చొప్పున వాటం ఇవ్వాలంటే వెనక దాదాపు 5 అంగుళాలు లేపాలి. మొత్తం మీద సగటున రెండున్నర అంగుళాల మందం అనుకున్నా తొమ్మిది టన్నుల పైమాటే. ఇప్పుడున్న వాటం వెనక్కి ఉంది కాబట్టి దాన్ని పూడ్చడానికి ఇంకో అంత పడుతుంది. ఆ పాత స్లాబు మీద అంత బరువు నేనైతే పెట్టను.

పెరట్లో ఇంకుడు గుంత తవ్విస్తే? మామూలుగా ఇంకుడు గుంతలకు నేను బాగా అనుకూలం. కానీ మీ పెరడు ఐదారు అడుగులకు మించదు. పునాదికి పది అడుగుల దూరం లేకుండా నీళ్లు ఇంకించడం మంచిది కాదు, అందులోనూ మీ పునాదీ పక్కవాళ్ల పునాదీ ఒకటే. నల్లరేగడి నేలైతే ఆ మాట అసలే ఎత్తకండి. కాలనీ పార్కులో అయితే తవ్వించండి.

నాకు కనిపించే దారి ఒకటే. ఇళ్ల వెనక పెరళ్ల వెంబడి వాన నీళ్లకు విడిగా ఒక గొట్టం. మీ ఇంటి నుంచి వరుస చివర అడ్డవీధి దాకా మధ్యలో మూడు ఇళ్లు, 60 అడుగులు. నూటికి ఒకటి వాటం ఇస్తే 7 అంగుళాల పల్లం చాలు. మీతో కలిపి నాలుగు ఇళ్లే చేరితే 6 అంగుళాల గొట్టం సరిపోతుంది, ఎనిమిదీ చేరితే 8 అంగుళాలది వేయాలి. అయితే గొట్టాలు కొనకముందే అడ్డవీధిలో వాన కాలువ అడుగు మీ గొట్టం చివరి కన్నా కింద ఉందో లేదో చూసుకోవాలి. మేస్త్రీల దగ్గర నీళ్లు నింపిన సన్నటి తెల్ల గొట్టం ఉంటుంది చూడండి, లెవెల్ పైపు, దాంతో ఒక పూటలో తేలిపోతుంది. మట్టం చూడకుండా వేసిన గొట్టాలు రెండేళ్లు నీళ్లు నిలిచి, దోమలు పెంచి, ఆఖరికి పూడిపోతాయి.

దీనికి పక్కవాళ్లు ఒప్పుకోవాలి కదా అంటారు. ఒప్పుకోక వాళ్లకూ గత్యంతరం లేదు. ఎగువ ఇళ్ల మురుగు మీ చాంబరు మీదుగానే దిగువకు పోతుంటే, మీ ఒక్కరి వాన గొట్టం కోసినందువల్ల తగ్గేది అందులో ఒక వాటానే. మిగతా డాబాల నీళ్లు అలాగే వస్తాయి. అయితే లైను నిండినప్పుడు వాళ్ల బాత్రూముల్లోనూ నీళ్లు తొందరగా పోవు, వాసన వెనక్కి తంతుంది. మీటింగు పెట్టి చెప్పకండి, మీటింగుల్లో పార్కింగు గొడవలు తప్ప ఇంకేవీ తేలవు. నీలిమందు బకెట్టు పట్టుకుని ఒక్కొక్కరి డాబా ఎక్కండి, ఎగువవాళ్లకు మీ చాంబరులో, దిగువవాళ్లకు వాళ్ల చాంబరులోనే వాళ్ల నీలం చూపించండి. కళ్లతో చూశాక మాట వేరేగా ఉంటుంది.

ఇక గోడ చెమ్మ. మీ ఉత్తరంలో పక్కింటి గొట్టం గురించి రాశారు కానీ, దాని వెనక గోడ గురించి రాయలేదు. మీ డాబా మీద నిలబడి కుడివైపు తలెత్తి చూడండి. పక్కవాళ్లు లేపిన రెండంతస్తుల గోడకు మీ వైపు ప్లాస్టరింగ్ ఉందా? చాలా ఇళ్లలో ఉండదు. వాళ్ల వైపు నున్నగా, రంగులతో ఉంటుంది. మీ వైపు పచ్చి ఇటుకలు, మధ్యలో సున్నం కారినట్టు గారచుక్కలు. ఎందుకంటే అటు పూత వేయాలంటే పరంజా మీ డాబా మీద కట్టాలి. అడగడానికి మొహమాటమో, అడిగితే మీరు ఒప్పుకోలేదో. ఆ ఇటుకలకు వాన ఏటవాలుగా కొడుతుంది. ఇటుక తాగిన నీళ్లు గోడ లోపలే దిగి, ఉమ్మడి గోడ గుండా మీ పడగ్గదిలో తేలతాయి. అప్పుడు మీ స్లాబులో లోపమేమీ లేనట్టే.

ఏది నిజమో తేల్చడం సులువు. వాన తెరిపిచ్చిన రోజుల్లో డాబా గొట్టానికి గుడ్డ కుక్కి, ఒక రోజంతా రెండంగుళాల నీళ్లు నిలబెట్టండి. లోపల గోడ మీద పెన్సిలుతో చెమ్మ అంచు గీసి, పక్కన తేదీ రాయండి. 24 గంటల్లో చెమ్మ ఆ గీత దాటకపోతే స్లాబు బాగానే ఉందన్నమాట. రెండు రోజులాగి, ఈసారి నీళ్లు నిలబెట్టకుండా పక్కింటి ఇటుక గోడను అరగంట నల్లా పైపుతో తడపండి. గీత దాటిందా, దొంగ దొరికినట్టే. 60 వేల వాటర్‌ప్రూఫింగ్‌కు ముందు మేస్త్రీ చేయాల్సిన పరీక్ష ఇది.

గొట్టం సంగతి కూడా ఉంది. గంటకు 100 మి.మీ. వాన పడుతుందనుకుని లెక్కేస్తే 4 అంగుళాల నిలువు గొట్టం సుమారు 450 చదరపు అడుగుల కప్పు నీళ్లు లాగగలదు. మీ 800 అడుగులకే రెండు కావాలి. పక్కవాళ్ల 800 కలిస్తే నాలుగు. మీకున్నది ఒకటే అనుకుంటాను. ఆ గొట్టం మూతి దగ్గర పెట్టిన జాలీ సంగతి కూడా చూడండి. మా ఇల్లూ వరుస ఇల్లే. ఇంజనీరింగు చదివినవాణ్ని, ఎలుకలు రాకుండా అని సన్నటి దోమతెర లాంటి జాలీ బిగించాను. వెనక వేపచెట్టు. ఒక రాత్రి వానకు ఆకులు జాలీకి చాపలా అతుక్కున్నాయి. పొద్దున చూస్తే డాబా మీద పిట్టగోడల మధ్య మూడంగుళాల చెరువు. మూడంగుళాలంటే ఏముందిలే అనిపిస్తుంది, లెక్కేస్తే ఐదున్నర టన్నులు. అది రాత్రంతా మా తలల మీద ఉంది. చెయ్యి పెట్టి ఆకులు లాగితే, సుడి తిరుగుతూ నీళ్లు దిగిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. గుమ్మటంలా పైకి లేచిన పెద్ద కన్నాల జాలీ వేయండి, దాని చుట్టూ నాలుగు ఆకులు పడినా పైభాగం తెరిచే ఉంటుంది.

మీవారు కేసు వేద్దామంటున్నారన్నారు. చట్టం మీ వైపే ఉంది, చెప్పనివ్వండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం పై నేల మీద పడ్డ నీళ్లు సహజంగా పల్లానికి పారుతుంటే కింది నేలవాళ్లు అడ్డుకోకూడదు. కానీ కప్పు మీద పోగైన నీళ్లను గొట్టంలో పట్టి పక్కింటి డాబా మీద పోయడం సహజ ప్రవాహం కాదు. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. 20 ఏళ్లు ఆటంకం లేకుండా, బహిరంగంగా, హక్కుగా అలా చేసుకుంటూ పోతే అది వాళ్ల హక్కుగా మారిపోవచ్చు. మీకు ఆరేళ్లే అయింది. అందుకని ఊరుకోకండి. గొట్టం మళ్లించమని అడుగుతూ ఒక కాగితం రాసి ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. అంతవరకే. కోర్టు దాకా వెళ్తే మీ గోడ తడి ఆరేలోపు తీర్పు రాదు.

వాళ్లకు మీతో ఒక అవసరం ఉందని గమనించారా? ఆ పచ్చి ఇటుకల గోడ వాళ్లది. మీ పడగ్గదిలోకి దిగుతున్న చెమ్మ వాళ్ల వైపు గదుల్లోకీ దిగుతుంది, వాళ్ల గోడలూ పొక్కులు లేచే ఉంటాయి. దానికి పూత వేయాలంటే మీ డాబా మీద పరంజా కట్టనివ్వాలి. కాబట్టి బేరం తేలిక. వారం రోజులు పరంజాకు మీ డాబా ఇస్తారు, వాళ్లు గోడకు పూత వేయించి, గొట్టాన్ని తమ వెనక పెరట్లోకి దింపుకుంటారు. పనిలో పనిగా వాళ్ల గోడ, మీ స్లాబు కలిసే మూలలో గోలా, అంటే గుండ్రటి సిమెంటు పూత, కొట్టించమనండి. ఆ మూలలోనే నీళ్లు దూరతాయి. అడగడానికి మీవారిని కాకుండా మీరే వెళ్లండి. కేసు మాట ఎత్తినవాళ్లు బేరానికి పనికిరారు.

లోపలి గోడకు ఇప్పుడే పుట్టీ, రంగు వద్దు. పొక్కులు గీకించి, ఉప్పు దులిపి, వచ్చే ఎండాకాలం దాకా అలాగే వదిలేయండి. అసహ్యంగానే ఉంటుంది. చుట్టాలొస్తే క్యాలెండరు తగిలించండి.

గేటు నీళ్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేయడం మన ఊళ్లన్నిటికీ ఉన్న రోగం. ఈసారి వేసేటప్పుడు పాతది గీకి వేయమని వీధివాళ్లంతా కలిసి ముందే అర్జీ పెట్టండి, వేశాక ఎంత అరిచినా లాభం లేదు. ప్రస్తుతానికి గేటు లోపల అడ్డంగా ఆరంగుళాల దిమ్మె, వాహనం ఎక్కేలా రెండువైపులా వాలుగా. దిమ్మె మీ స్థలంలోనే ఉండాలి, రోడ్డు మీదికి జరిపితే కూలగొట్టేస్తారు. లోపల పడ్డ వాన బయటికి పోలేదు కాబట్టి ఒక మూల చిన్న గుంత, అందులో నీళ్లు రాగానే తనంతట ఆన్ అయ్యే చిన్న మోటారు పెట్టుకోవాలి. ఇంటిని జాకీలతో లేపుతామని ఎవరైనా వస్తే పంపించేయండి. విడి ఇళ్లకైతే చేస్తున్నారు. రెండు గోడలూ పక్కవాళ్లతో పంచుకున్న ఇంటిని ఒక్కదాన్నే ఎలా లేపుతారు?

వానలు సగం అయిపోయాయి, ఇంకేం చేస్తాంలే అనుకోకండి. హైదరాబాద్‌ను ముంచిన వానలు చాలావరకు కాలం సగం దాటాకే వచ్చాయి. 1908 మూసీ వరద సెప్టెంబరు 28న. 2000లో ఆగస్టు 24న. 2020లో అక్టోబరు 13న. మీరు ఉత్తరం రాసింది జూలైలో. చాంబరు మూత, డాబా జాలీ, పక్కింటి గొట్టం, ఈ మూడూ పెద్ద ఖర్చు లేకుండా ఈ నెలలో అయిపోయే పనులు. వెనక గొట్టం దసరా తర్వాత తవ్వుకోవచ్చు.

నీలిమందు పోసిన రోజు ఇంకో పని చేయండి. మీ డాబా నుంచి పోసినప్పుడు నీలం చాంబరులోకి ఎంతసేపట్లో వచ్చిందో, ఎగువ ఇంటి డాబా నుంచి పోసినప్పుడు ఎంతసేపట్లో వచ్చిందో గడియారం చూసి రాసి పంపండి. ఎగువ ఇంటి నీలం మీ చాంబరులో అసలు కనబడకపోతే, లైను మధ్యలో ఎక్కడో పూడిక ఉండవచ్చు, లేదా వాళ్ల వాన గొట్టం ఆ లైనులో కలవకపోయి ఉండవచ్చు, అప్పుడు నా లెక్క కొంత మార్చుకోవాలి.